యంత్రము వచ్చెను, వ్యవస్థ యేది?

గడచిన వేసవి సెలవులలో నొకనాటి సాయంకాలము పామిడిముక్కల ప్రాంతపు రైతు ఒకరు మా యింటికి వచ్చిరి. వారి కుమారుడు కొన్నియేండ్ల క్రిందట మన పాఠశాలలో చదివి, పిమ్మట మెకానికల్ ఇంజనీరింగు పట్టము పొందినవాడు. ఆ చిన్నవానికి అమెరికాలోని యొక విశ్వవిద్యాలయమున ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగు అను శాఖలో ఎం.ఎస్. చదువుటకు ప్రవేశము దొరకినది. అప్పిచ్చు బ్యాంకువారు ఎకరమున్నర మాగాణి హామీగా నడుగుచున్నారు. ఆ పెద్దమనిషి కుర్చీ యంచున కూర్చుండి, కండువాతో ముఖము తుడుచుకొని, మమ్మడిగిన ప్రశ్న యిది: "మేష్టారూ, సివిలంటే వంతెన కడతాడు. ఎలక్ట్రికలంటే కరెంటు పని చూస్తాడు. కంప్యూటరంటే అందరికీ తెలిసిందే. మావాడు చదవబోయే ఈ ఇంజనీరు ఏం కడతాడండీ?"

మేమానాడు తడబడుచు నేదో చెప్పి పంపితిమి. ఆయన మర్యాదకు తలయూపిరే కాని తృప్తి పడలేదని మాకు తెలిసెను. మన జిల్లానుండి ఏటేట ఎందరో యువతీయువకులు పైచదువులకై దేశాంతరము పోవుచున్నారు. వారు చదువు శాఖ యేమి చేయునని యడుగు బంధువులు తక్కువ. జీతమెంత వచ్చునని యడుగువారే యెక్కువ. ఆ రైతు మాత్రము అడుగవలసిన ప్రశ్నను అడిగిరి. దానికి తగిన యుత్తరము చెప్పుట ఉపాధ్యాయులమైన మా విధి. ఆలస్యముగానైనను ఆ యుత్తరమును ఈ సంచికలో వ్రాయుచున్నాము.

ఈ ఇంజనీరు ఏమి కట్టునో తెలిసికొనుటకు సముద్రము దాటనక్కరలేదు. డిసెంబరు నెలలో విజయవాడనుండి మచిలీపట్నము పోవు రహదారిని, దాని కిరుప్రక్కలనున్న యూరి బాటలను ఒకసారి చూచిన చాలును. బాట పొడవునను ధాన్యము ఎండబోసి యుండును. ఒకచోట గోనెసంచులు లేక ధాన్యము రాశిగా పడియుండును. వేఱొకచోట సంచులున్నవి, లారీ లేదు. ఇంకొకచోట లారీ యున్నది గాని, మిల్లు వాకిట సరకు దింపు వంతు రాక నిలిచియుండును. ఆకాశమున మబ్బు కనబడినంతనే ఇంటిల్లిపాదియు బరకాలు పట్టుకొని పరుగెత్తుదురు.

ఇందులో సోమరి యెవ్వడును లేడు. రైతు నిద్రమాని కావలి కాయుచున్నాడు. ముఠా కూలీలు బస్తాలు మోయుచున్నారు. డ్రైవరు లారీలోనే పండుకొనుచున్నాడు. మిల్లులో యంత్రము తిరుగుచునే యున్నది. అందఱును కష్టపడుచుండగా ధాన్యము మాత్రము కదలకున్నది. ఈ వింతకు కారణమేమి?

కారణము తెలియవలెనన్న మన పెద్దలు వ్యవసాయము చేసిన తీరును ఒకమారు తలచుకొనవలెను. అప్పుడు కొడవలితో వరి కోసి, పనలు ఎండనిచ్చి, కట్టలు కట్టి, కుప్ప వేసెడివారు. చక్కగా వేసిన కుప్పమీద వాన పడినను నీరు జారిపోవును గాని లోపలికి దిగదు. పిమ్మట కూలీలును పశువులును దొరకినకొలది, ఒకరి తరువాత నొకరు, సంక్రాంతికి ముందు కొందఱు, వెనుక కొందఱు, కుప్పలు నూర్చుకొనెడివారు. ధాన్యము కుప్పలోనే నెమ్మదిగా ఆరెడిది. ఊరి ధాన్యమంతయు ఒక్క వారమున బజారుమీదికి వచ్చుట యనునది లేదు. కుప్పలో రైతు వరితోపాటు కొంత వ్యవధిని గూడ దాచుకొనెడివాడు. ఆ సంగతి యెవ్వరును పుస్తకములో వ్రాయలేదు. అందఱును ఎరిగియే యుండిరి.

తరువాత కోతయంత్రము వచ్చెను. పదుగురు కూలీలు దినమెల్ల చేయు పనిని అది గంట, గంటన్నరలో ముగించును. కూలీలు దొరకని యీ దినములలో అది రైతునకు గొప్ప మేలు చేసినదనుటలో సందేహము లేదు. అయితే యంత్రము కోసి నూర్చి యిచ్చిన ధాన్యము పచ్చిది. కొనుగోలు నియమముల ప్రకారము ధాన్యములో తేమ నూటికి 17 వంతులకు మించరాదు. కావున దానిని ఆరబోయవలెను. ఆరబోయుటకు కళ్లములు చాలక రోడ్లమీద పోయవలెను. ఊరి పొలములన్నియు పదిదినములలో కోతకు వచ్చుటచే సంచులు, లారీలు, కాటాలు, మిల్లులు అన్నియు ఒక్కమారే కావలసివచ్చును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు, మన డెల్టాలో కోసిన వరియు కోయని వరియు గూడ నీటిపాలై యెందఱో రైతులు నష్టపడిరి. తుపానును మనము ఆపలేము. కాని ఆ దినమున ఎంత ధాన్యము బాటమీద నుండెననునది మాత్రము తుపాను నిర్ణయించిన విషయము కాదు.

మా యభిప్రాయము ఇక్కడనే చెప్పుచున్నాము. మన ప్రాంతమునకు యంత్రము వచ్చినది, వ్యవస్థ రాలేదు. పనిలో ఒక భాగమును పదిరెట్లు వేగిరపఱచి, తక్కిన భాగములను మునుపటివలెనే యుంచినచో, ఆలస్యము నశింపదు. ఒకచోటు విడిచి వేఱొకచోటికి పోయి కూర్చుండును. పొలములోని యాలస్యము నేడు రోడ్డుమీదికి వచ్చినది. పని యంతటిని ఒక్కటిగా చూచి, ఏ భాగము ఏ భాగముతో నెట్లు ముడిపడి యున్నదో కొలిచి, మనుష్యులను, యంత్రములను, సరకును, సమాచారమును ఒక క్రమమున నమర్చుటయే ఆ రైతు అడిగిన ఇంజనీరు చేయు పని. సివిల్ ఇంజనీరు వంతెన కట్టును. ఈ యింజనీరు వరుసను కట్టును. ఈ చదువు చదువువారును, చదివించువారును మొట్టమొదట గ్రహింపవలసినది ఇదియే.

ఈ శాస్త్రము కార్ఖానాలలో పుట్టినది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనునతడు పనికి పట్టు కాలమును గడియారముతో కొలిచి, ఆ పద్ధతినిగూర్చి 1911లో గ్రంథము ప్రకటించెను. అదే కాలమున ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అను తాపీపనివాడు ఇటుక పేర్చుటలో చేయు 18 కదలికలను అయిదింటికి తగ్గించి చూపెను. అతడు కనిపెట్టినది పెద్ద యంత్రమేమియు కాదు. ఇటుకలను నేలమీద పడవేయక, చేతికందు నెత్తున బల్లమీద నుంచుట వంటి చిన్న మార్పులే. డెన్మార్కులో ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు టెలిఫోను కేంద్రములో పిలుపులు వేచియుండు కాలమును లెక్కకట్టు విధానమును 1909లో ప్రకటించెను. ఎంత సరకు ఒకమారు తెప్పించి నిలువయుంచుట లాభకరమో తెలుపు సూత్రమును హారిస్ అను ఇంజనీరు 1913లో వ్రాసెను. 1947లో జార్జి డాంట్జిగ్ అనునతడు, ఉన్న వనరులను అనేక కార్యములకు మేలైన రీతిని పంచు సింప్లెక్సు అను గణిత పద్ధతిని కనిపెట్టెను. ఈ పాయలన్నియు కలిసి నేటి పారిశ్రామిక వ్యవస్థా శాస్త్రమైనవి.

ఈ లెక్కలు మనకెట్లు పనికివచ్చునని యడుగవచ్చును. ఒక చిన్న యుదాహరణము చెప్పెదము. ఒక కాటా యున్నదనుకొందము. ట్రాక్టరొకటి తూచుటకు సగటున 10 నిమిషములు పట్టును. ఒకదాని కెక్కువ, ఒకదానికి తక్కువ. ట్రాక్టర్లు ఎవరికి తోచినప్పుడు వారు తోలుకొని వచ్చుచుందురు. కాటా దినములో సగము కాలము పనిలో నుండి, సగము ఖాళీగా నున్నచో, వచ్చిన ట్రాక్టరు సగటున 10 నిమిషములు వేచియుండవలసివచ్చును. నూటికి 80 వంతులు పనిలో నున్నచో 40 నిమిషములు. 90 వంతులైనచో 90 నిమిషములు. 95 వంతులైనచో 190 నిమిషములు, అనగా మూడుగంటలకు పైగా. వేచియుండువారి వరుసలకు పుస్తకములలో చెప్పు అతి సామాన్యమైన నమూనా లెక్క ఇది.

ఈ లెక్కలోని నీతిని గమనింపుడు. కాటా ఒక్క నిమిషమైనను ఖాళీగా నుండరాదని యాజమాన్యము కోరుట సహజము. కాని కాటా ఖాళీ లేకుండుటకు మూల్యము చెల్లించునది రోడ్డుమీద నిలిచిన రైతు. అతని గంటలు ఎవ్వరి ఖాతాలోను పడవు గనుక ఆ నష్టము నష్టముగా కనబడదు. ఈ శాస్త్రము చదివినవాడు మొదట చేయవలసిన పని ఆ కనబడని గంటలను కాగితముమీదికి తెచ్చుట.

1961లో జాన్ లిటిల్ అను అమెరికా పండితుడు నిరూపించిన సూత్రము ఒకటి యింతకంటె తేలికైనది. మిల్లు వాకిటికి గంటకు 4 లారీలు వచ్చుచు, ఒక్కొక్కటి సగటున 5 గంటలు నిలుచుచున్నచో, ఆ వాకిట సగటున 20 లారీలుండును. వాకిలి వెడల్పు చేసినంత మాత్రమున ఆ వరుస తగ్గదు. 20 లారీలు నిలుచుటకు నీడ దొరకును, అంతే. వరుస తగ్గవలెనన్న నిలుచు కాలమును తగ్గింపవలెను, లేదా వచ్చువేళలను సర్దవలెను. చెఱకు పండించినవారికి ఈ రెండవ యుపాయము క్రొత్తది కాదు. నరికిన చెఱకు నిలువయున్నకొలది అందలి చక్కెర తగ్గిపోవును. కావున చక్కెర కర్మాగారములు ఏ తోట ఏనాడు నరుకవలెనో ముందుగా కటింగు ఆర్డరు లిచ్చుట మొదలుపెట్టినవి. 1941లో నేర్పడిన కె.సి.పి. సంస్థవారి ఉయ్యూరు కర్మాగారమునకు చెఱకు తోలినవారు మన యూళ్లలో నెందఱో కలరు. ఆర్డరు ఆలస్యమైనదని వారు పడిన బాధలును కలవు. అయినను చెఱకునకు వేళ యొకటి యుండవలెనను భావము మనకు తెలిసినదే. అదే భావమును ధాన్యమునకు, కోతయంత్రమునకు, లారీకి, ఒక్కమారే, గ్రామమంతటికిని వర్తింపజేయుట కష్టమైన లెక్క. దానికే పైచదువు కావలెను.

ఇంకొక విధముగా చూచిన, ఈ శాస్త్రము మన నేలకు మిక్కిలి సమీపమైనది. కృష్ణాడెల్టా అంతయు ఒక వ్యవస్థయే. బెజవాడవద్ద 1855లో ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. ఆ ఒక్కచోటినుండి పెద్ద కాలువలు, వానినుండి పిల్లకాలువలు, వానినుండి పంటబోదెలు. నీరు తక్కువైన సంవత్సరమున వంతులు. పడవలు నడచిన దినములలో లాకులు. మన పామిడిముక్కల మండలములోని వీరంకిలాకు గ్రామముయొక్క పేరులోనే లాకు నిలిచియున్నది. లాకులో ఒకమారు పట్టు పడవలు కొన్నియే. ఎగువనుండి వచ్చినవి, దిగువనుండి వచ్చినవి, రెండు ప్రక్కల వేచియుండును. తొట్టి నింపుటకు కాలము పట్టును. ముందు దేనిని వదలవలెను? రెండు పడవలకే తొట్టి నింపవలెనా, నాలుగు వచ్చువఱకు ఆగవలెనా? నేడు విశ్వవిద్యాలయములలో కంప్యూటరుమీద విద్యార్థులు సాధించు సమస్యలలో ఇది యొకటి. లాకు కాయువాడు దానిని అనుభవముచే తీర్చెను. అనుభవము ఒక లాకునకు చాలును. వంద లాకులు కలిసినచోట గణితము కావలెను.

అట్టి గణితమును ప్రపంచమునకు నేర్పినవారిలో తెలుగువా రొకరుండుట మనకు గర్వకారణము. కట్టా గోపాలకృష్ణమూర్తిగారు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో నుండి, పిమ్మట అమెరికా చేరి, మిషిగన్ విశ్వవిద్యాలయపు ఇండస్ట్రియల్ అండ్ ఆపరేషన్స్ ఇంజనీరింగు శాఖలో దశాబ్దములపాటు ఆచార్యులుగా పనిచేసిరి. 1963లో వారును మఱి ముగ్గురును కలిసి ప్రకటించిన వ్యాసము సంచారవర్తకుని సమస్యను గూర్చినది. దానిని మన భాషలో నిట్లు చెప్పవచ్చును: బట్టల మూట కట్టుకొని పామిడిముక్కలనుండి బయలుదేరిన వర్తకుడు ఉయ్యూరు, గుడివాడ, బందరు, చల్లపల్లి, అవనిగడ్డ మొదలైన పది యూళ్లు ఒక్కొక్కమారు తిరిగి యిల్లు చేరవలెను, ఏ వరుసలో తిరిగిన దారి తక్కువ? ఊళ్లు పదియే కదా యని తేలికగా తలపరాదు. ఆ వరుసలు 18,14,400 కలవు. అదియు పోయిన దారినే వెనుకనుండి తిరిగినదానిని వేఱుగా లెక్కింపకుండ. అన్నిటిని చూడక, సమస్యను కొమ్మలుగా విడదీసి, మేలు చేయజాలని కొమ్మలను మొదటనే నఱికివేయు పద్ధతిని ఆ వ్యాసము చూపినది. బ్రాంచ్ అండ్ బౌండ్ అను ఆ పద్ధతి పేరు ఆ వ్యాసముతోనే ప్రసిద్ధికెక్కినది.

ఆ మూర్తిగారే తరువాతి కాలమున హాంకాంగు రేవులోని యొక పెద్ద టెర్మినలులో, ఓడలనుండి దిగిన పెట్టెలను ఎక్కడ పేర్చవలెను, వానిని మోయు బండ్లను ఎట్లు నడుపవలెను అను విషయములను నిర్ణయించు విధానము రూపొందించిన బృందములో పనిచేసిరి. ఈ మాట మేమూరక చెప్పుటలేదు. మన బందరునకు నూతన రేవు నిర్మింపదలచి 2023 మే నెలలో పనులు ప్రారంభించిరి. గోడలు, క్రేనులు, లోతైన నీరు డబ్బుతో వచ్చును. లారీ యెప్పుడు రావలెను, పెట్టె యెక్కడ దిగవలెను అను క్రమము డబ్బుతో రాదు, తెలిసినవాడు కావలెను. ఆ తెలిసినవాడు మన తాలూకావాడే యేల కారాదు?

సరకు మాట యట్లుండనిండు. ప్రాణములుగూడ నీ విషయముతో ముడిపడియున్నవి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు మరణించిరి. ఆ మృతులసంఖ్య పదివేలకు తక్కువ కాదని చెప్పుదురు. తుపాను వచ్చునను సంగతి తెలిసిన కార్యాలయమునకును, లంకలో గుడిసెలో పండుకొనియున్న పల్లెకారునికిని నడుమ ఎన్నిచేతులు మాఱవలెను? ఏ చేతివద్ద ఆ వార్త ఆగిపోవును? ఎన్ని బండ్లు, ఎన్ని పడవలు, ఏ వరుసలో పంపిన, నీరు రాకమునుపే జనులందఱును గట్టు చేరుదురు? ఇవియు వరుసల లెక్కలే. నేడు తుపానునకు ముందే జనులను శిబిరములకు చేర్చుచున్నారన్న, అది ఈ లెక్కలను ఎవరో ఒకరు ముందుగా వేసియుంచినందువలననే.

ఇక ఈ శాస్త్రముపై నొక యాక్షేపణ కలదు. దానిని దాచుట ధర్మము కాదు. గడియారము చేతబట్టి కూలివాని వెనుక నిలిచి, వానిచేత ఇంకను నెక్కువ పని పిండుటకే ఇది పుట్టినదని కొందఱందురు. చరిత్రలో దీనికి సాక్ష్యము లేకపోలేదు. 1911లో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధశాలలో టేలరు పద్ధతిని ప్రవేశపెట్టగా పోతపనివారు పని మానివేసిరి. వారి మొఱ ఆ దేశపు శాసనసభవఱకు పోయెను. ప్రభుత్వ ఆయుధశాలలలో గడియారముతో కొలుచుటకు ధనమీయరాదని 1915లో శాసనసభ నిర్ణయించెను. అదే 1915లో గిల్‌బ్రెత్తు భార్యయగు లిలియన్, మనశ్శాస్త్రమును పనికి అన్వయించి డాక్టరు పట్టము పొందెను. పనివాని యలసటను తగ్గించుటయే పనిని మెఱుగుపఱచుట యని యామె బోధించెను. ఆమె పన్నిద్దఱు బిడ్డల తల్లి. మన పాఠశాలలోని బాలికలు ఈమె పేరు గుర్తుంచుకొందురుగాక.

ఒకటే గడియారము, ఇరువురి చేతులలో రెండు విధములాయెను. మన డెల్టాలో ధాన్యపు బస్తా యన్న 75 కిలోలని లెక్క. దానిని వీపునకెత్తుకొని లారీ పలకమీద నడచి యెక్కు మనుష్యుని మోకాళ్లు నలువదియేండ్లకే యెట్లగునో మన యూళ్లలో చూడనివారు లేరు. ఈ చదువు చదివినవాడు ఆ మనిషిని చూచి 'గంటకు ఎన్ని బస్తాలు?' అని మాత్రమే అడిగినచో వాడు సగమే చదివినవాడు. 'ఈ బస్తాను మనిషి యసలు ఎత్తవలసిన పనియేమి?' అని యడిగినవాడు పూర్తిగా చదివినవాడు.

చదువదలచినవారికి దారి యెక్కడ? బి.టెక్. పిమ్మట మనదేశములోనే యీ శాస్త్రమును నేర్పు పెద్ద విద్యాలయములు కలవు. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజనీరింగు శాఖయే కలదు. బొంబాయి ఐ.ఐ.టి.లోను, చెన్నపట్టణమున గిండీ ఇంజనీరింగు కళాశాలలోను ఈ విద్యకు శాఖలున్నవి. 1963లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సహాయముతో బొంబాయిలో స్థాపితమై నిటీ యను పేర ప్రసిద్ధమైన సంస్థ 2023లో ముంబయి ఐ.ఐ.ఎమ్.గా మాఱినది. గేటు పరీక్షలో ప్రొడక్షన్ అండ్ ఇండస్ట్రియల్ ఇంజనీరింగునకు ప్రత్యేకమైన ప్రశ్నపత్రము కలదు. ఆ పరీక్షలో అర్హత పొంది ఎం.టెక్.లో చేరినవారికి నెలనెల భత్యముకూడ దొరకును. దేశాంతరమున జార్జియా టెక్, మిషిగన్, పర్డ్యూ, పెన్సిల్వేనియా స్టేట్ మొదలైన విశ్వవిద్యాలయములు ఈ శాస్త్రమునకు పేరొందినవి. చివరిదానియందు ఈ శాఖ 1910కి మున్నే యేర్పడినది.

ఎక్కడ చదివినను చదువు ఇంచుమించుగా నొక్కటే: సంభావ్యత, గణాంకములు, లీనియర్ ప్రోగ్రామింగు, వరుసల సిద్ధాంతము, నిలువల లెక్క, నాణ్యతను కాపాడుట, కంప్యూటరులో పనికి నమూనా కట్టి నడిపి చూచుట, మనిషి శరీరమునకు పనిని తగినట్లు అమర్చుట. గణితమన్న భయపడువారికి ఇది తగదు. హైస్కూలులో సంభావ్యత పాఠమును 'పరీక్షకు రాదులే' యని వదలిపెట్టు విద్యార్థులు ఈ మాట చెవిని పెట్టుకొనవలెను.

ఇక తండ్రులకును బిడ్డలకును మా విన్నపము. పొలము హామీ పెట్టి సంతకము చేయుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. మొదటిది: ఈ చదువుతో ఏ సమస్యను తీర్పదలచితివి? దీనికి ఒక్క వాక్యములో ఉత్తరము చెప్పలేని విద్యార్థి ఇంకొక సంవత్సరమాగుట మంచిది. రెండవది: పని జరుగు చోటును కన్నులార చూచితివా? కార్ఖానాయో, రైసుమిల్లో, ఆసుపత్రియో, బస్సు డిపోయో, ఎచ్చటనైన ఒక యేడు నిలిచి పనిచేసినవానికి ఈ పాఠములు పదిరెట్లు బోధపడును. చూడనివానికి అవి యక్షరములుగానే మిగులును. మూడవది: అనుకొన్న యుద్యోగము దొరకకున్నచో, అచ్చటి ప్రభుత్వము తన నియమములను మార్చినచో, ఈ యప్పు ఎట్లు తీరును? ఇది యమంగళమైన ప్రశ్న యని దాటవేయరాదు. దేశముకాని దేశపు నియమములు మన చేతిలోనివి కావు. ఎకరమున్నర మాత్రము మన చేతిలోనిది.

'ఇచ్చట నుండి యేమి చేయునండీ, ఈ చదువునకు మనయూళ్లలో ఉద్యోగమేది?' అని కొందఱు మమ్ము అడుగవచ్చును. ఆ మాటలో నిజమున్నది. వరుసను కట్టువానికి జీతమిచ్చు కుర్చీ మన మండలమున లేదు. పెద్ద జీతములు పట్టణములలోను, విదేశములలోనే యున్నవి. పోవువారిని మేము తప్పుపట్టము. అప్పు తీర్చుట మొదటి ధర్మము. కాని సహకార సంఘమునకు, మార్కెటు యార్డునకు, ఆసుపత్రికి, రానున్న రేవునకు ఇట్టివా రవసరమని మనకే తెలియనప్పుడు, కుర్చీ వేయువా రెవ్వరు? అవసరమును గుర్తించుట మన పని. అది జరిగిననాడు పిలువదగినవారు మన బిడ్డలలో నుండవలెను.

ఆ రైతు కుమారుడు ఆగస్టు నెలలో విమానమెక్కెను. ఎకరమున్నర కాగితములు బ్యాంకులో నున్నవి. మొన్న సంక్రాంతికి ఆ చిన్నవాడు ఫోనులో మాకు నాలుగు మాటలు వ్రాసి పంపెను. తరగతిలో వరుసల లెక్క చెప్పుచుండగా, కాటావద్ద రాత్రియంతయు ట్రాక్టరుమీద కూర్చుండిన తండ్రి గుర్తుకు వచ్చెనట. ఆ లెక్కను ఆచార్యులు చెప్పినదానికంటె ముందే చేసి ముగించెనట. ఆ మాట చదివి మాకు కొంత ధైర్యము కలిగినది. వాడు తిరిగి వచ్చునో రాడో మేము చెప్పజాలము. ఏ ప్రశ్న తీసికొని పోయెనో మాత్రము వానికి తెలిసినది.

మన డెల్టాలో కాలువ పాఱినదా లేదా యనుటకు ఒక్కటే గుర్తు. తలకాలువలో నీరు నిండుగా నున్నంత మాత్రమున పాఱినట్లు కాదు. శివారు చేను తడిసిన నాడే పాఱినట్లు. పైచదువునకుగూడ మేము వేరొక కొలత నెఱుగము. ఆ పెద్దమనిషి మరల మా యింటికి వచ్చి, 'మావాడు ఏం కడతాడండీ?' అని యడిగినచో, ఈసారి తడబడక చెప్పెదము: "అయ్యా, మీ ధాన్యము వానలో నిలువకుండ వరుస కట్టును."